కామిక్స్ అంటే ప్రాణమా? గీయడం ఇలా మొదలుపెట్టండి

చిన్నప్పుడు కామిక్ పుస్తకం చేతికొస్తే ఎవరు పిలిచినా పలికేవాణ్ణి కాదు. మొదటిసారి కథ కోసం, రెండోసారి బొమ్మల కోసం చదివేవాణ్ణి. మూడోసారి తిరగేస్తుంటే మాత్రం ఒక సందేహం వచ్చేది. కాగితం మీద కదలకుండా ఉన్న ఈ మనిషి నా కళ్లకు పరిగెడుతున్నట్టు ఎలా కనిపిస్తున్నాడు? ఆ సందేహం నన్ను ఇప్పటికీ వదల్లేదు. మీకూ ఎప్పుడైనా అది కలిగి ఉంటే, మీలో చదివే మనిషి పక్కనే గీసే మనిషి కూడా ఉన్నట్టే. వయసు పదిహేనైనా నలభై ఐదైనా మొదలుపెట్టే దారి ఒక్కటే.

"నాకు బొమ్మలు అంత బాగా రావు" అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. జెనీవాలో బడి నడిపిన రొడాల్ఫ్ టోప్ఫర్‌కు చిత్రకారుడు కావాలని ఉండేది. కంటి జబ్బు వల్ల ఆ ఆశ వదులుకోవాల్సి వచ్చింది. అయినా గీతల బొమ్మలు వరసగా పేర్చి, కింద మాటలు రాసి, నవ్వించే కథలు చెప్పాడు. 1830ల్లో అవి పుస్తకాలుగా అచ్చయ్యాయి. కామిక్స్ చరిత్ర రాసినవాళ్లు చాలామంది ఈ కళ ఆయనతోనే మొదలైందంటారు. ఆయన గీతలో పెద్ద హంగులేమీ ఉండవు, కథ మాత్రం ఎక్కడా ఆగకుండా ఉరుకుతుంది. కామిక్ ఆర్టిస్ట్ పని బొమ్మల్ని చదివించడం. అందంగా గీయడం అందులో ఒక భాగమే. ఇక్కడి నుంచి నేను చెప్పబోయేదంతా ఆ చదివించే పని గురించే.

మొదటి అడుగు: ఇష్టమైన పేజీని విప్పి చూడండి

మీ దగ్గరున్న వాటిలో చదివి చదివి బాగా నలిగిపోయిన పుస్తకం తీయండి. దాన్నే ఎందుకంటే, ఆ కథ మీకు కంఠతా వచ్చు కాబట్టి అందులో పడి కొట్టుకుపోరు. గుర్తుండిపోయిన ఒక పేజీ ఎంచుకోండి. దానిమీద ట్రేసింగ్ పేపర్ పెట్టి ముందు ప్యానెళ్ల గడులు మాత్రమే గీయండి. తర్వాత ఒక్కో గడిలో మనుషులు ఎక్కడున్నారో అక్కడ తలకో సున్నా, ఒంటికో గీత పెట్టండి. మాటల బెలూన్లు ఉన్నచోట ఖాళీగా చుట్టండి. నల్లగా ఇంకు నింపిన చోట్లను పెన్సిల్‌తో రుద్దండి. ఇక ఆ ట్రేసింగ్ పేపర్‌ను గోడకు అతికించి నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. సొగసంతా పోయి ఎముకల గూడు మిగులుతుంది. ఆ పేజీ ఇన్నేళ్లుగా మిమ్మల్ని ఎందుకు పట్టుకుందో అప్పుడు కనిపిస్తుంది.

నోటుబుక్కులో రాసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్యానెళ్లు ఎన్ని? అన్నిటికన్నా పెద్దది ఏది, అది పెద్దగా ఎందుకుంది? ముఖాన్ని దగ్గరగా ఎప్పుడు చూపించారు? మీ కన్ను మొదట ఎక్కడ పడింది, అక్కడి నుంచి ఎటు వెళ్లింది? ఇలా పది పేజీలు చేయండి, వేర్వేరు ఆర్టిస్టులవైతే మరీ మంచిది. మాంగా, అంటే జపాన్ కామిక్స్, తీసుకుంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. అవి కుడి నుంచి ఎడమకు చదివేలా గీసినవి. ఆ కూర్పును ఉన్నదున్నట్టు మీ పేజీలో దింపితే చదివేవాళ్ల చూపు అడ్డదిడ్డంగా తిరుగుతుంది.

ఈ పని చేస్తుండగానే ప్యానెళ్ల మధ్య ఉన్న తెల్లటి సందు మీద ధ్యాస పడుతుంది. దాన్ని గటర్ అంటారు. కామిక్స్‌లో సగం కథ ఆ సందులోనే జరుగుతుంది. ఒక ప్యానెల్‌లో పిల్లాడి చేతిలోంచి గాజు గ్లాసు జారుతోంది. తర్వాతి ప్యానెల్‌లో పక్కగదిలో ఉన్న తల్లి చటుక్కున తల తిప్పింది. గ్లాసు పగిలిన బొమ్మను ఎవరూ గీయలేదు. అయినా ఆ చప్పుడు చదివేవాళ్లకు వినిపిస్తుంది, పగిలిన ముక్కలూ కనిపిస్తాయి. ఏది గీయాలి, ఏది సందులో వదిలేయాలి అన్న నిర్ణయాన్ని నేను గీత కన్నా ముందు పెడతాను.

రెండో అడుగు: గీత సాధన, కానీ దాని కోసం ఆగొద్దు

"ముందు బొమ్మలు బాగా నేర్చుకుని, తర్వాత కామిక్స్ మొదలుపెడతాను" అనుకుంటే ఆ తర్వాత అనేది రాదు. రెండూ పక్కపక్కనే నడవాలి. రోజుకు అరగంట చాలు. మొదటి పది నిమిషాల్లో ముప్పై సెకన్లకో భంగిమ చొప్పున గీయండి. వివరాలేవీ వద్దు, ఒంటి ఊపు మాత్రం పట్టుకోండి. తర్వాత పది నిమిషాలు రెండేసి నిమిషాల బొమ్మలు. మిగిలిన పది నిమిషాలూ మీకు కష్టంగా అనిపించేదానికి ఇవ్వండి. చాలామందికి అది చేతులే అవుతుంది. మోడల్ కోసం వెతకక్కర్లేదు, మీ రెండో చెయ్యి ఎదురుగానే ఉంది.

కామిక్స్ చూసి మాత్రమే శరీరం గీయడం నేర్చుకోకండి. ప్రతి ఆర్టిస్టూ తనకు తోచినట్టు కొంత పెంచుతాడు, కొంత తగ్గిస్తాడు. దాన్ని చూసి మీరు గీస్తే నకలుకు నకలు తయారవుతుంది. నిజం మనుషుల్ని చూడండి. ఎదిగిన మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు ఉంటుంది. వీరుల కథల్లో దాన్ని ఎనిమిదికో అంతకు పైకో లాగుతారు, ముద్దుగా చూపించాలంటే రెండు మూడు తలలకు కుదిస్తారు. అసలు కొలత చేతికి వచ్చాక మీరు ఎంత లాగినా ఎంత కుదించినా బొమ్మ నిలబడుతుంది.

ఇంకో రెండు సాధనలు కామిక్స్‌కు తప్పనిసరి. ఒకటి పెర్‌స్పెక్టివ్, అంటే కాగితం మీద లోతునూ దూరాన్నీ చూపించడం. ఒక పెట్టెను ఎటు తిప్పినా గీయగలిగితే గది, బస్సు, వీధి, మేడ అన్నీ వస్తాయి, ఎందుకంటే అవన్నీ పెట్టెలే. రెండోది ఒకే ముఖాన్ని ఇరవై కోణాల్లో, ఇరవై భావాల్లో గీయడం. పోర్ట్రెయిట్ వేసేవాళ్లు ఒక ముఖాన్ని ఒకసారి గీస్తే సరిపోతుంది. మనం అదే ముఖాన్ని వంద ప్యానెళ్లలో గీయాలి, ప్రతిచోటా అది వాళ్లే అనిపించాలి.

మూడో అడుగు: కథ చిన్నదే ఎంచుకోండి

నా మొదటి కథను రెండు వందల పేజీలు అనుకుని మొదలుపెట్టాను. రాజ్యాలు, వంశాలు, మ్యాపులు, అన్నీ సిద్ధం చేశాను. ఏడో పేజీ దగ్గర ఆగిపోయింది. నా ప్రేమ తగ్గిపోయిందేమో అని చాలా బాధపడ్డాను. నాలుగు పేజీల కథ ఒకటి పూర్తి చేసిన రోజునే అసలు కారణం తెలిసింది. పూర్తి చేయడం కూడా విడిగా నేర్చుకోవాల్సిన పని. దాన్ని పెద్ద కథ మీద నేర్చుకోలేం.

అందుకే మొదట నాలుగు ప్యానెళ్ల కథలు గీయండి. జపాన్‌లో వీటిని యోన్‌కోమా అంటారు. మొదటి గడిలో పరిస్థితి, రెండోదాంట్లో దాని కొనసాగింపు, మూడోదాంట్లో అనుకోని మలుపు, నాలుగోదాంట్లో ముగింపు. ఇలాంటివి పది చేయండి. ఆ తర్వాత ఒక పేజీ కథ, తర్వాత నాలుగు పేజీలు, తర్వాత ఎనిమిది. ఈ అంకెలకు కారణం ఉంది. కాగితాన్ని మధ్యకు మడిచి పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు ఎప్పుడూ నాలుగు చొప్పునే పెరుగుతాయి. ఎనిమిది పేజీల కథ రెండు కాగితాల్లో సరిగ్గా కూర్చుంటుంది.

అనుభవం వచ్చాక, ధైర్యం చాలని రోజుల కోసం ఒక సవాలు ఉంది. 1990లో స్కాట్ మెక్‌క్లౌడ్ అనే అమెరికన్ ఆర్టిస్ట్ మొదలుపెట్టాడు: ఒకే రోజులో, అంటే 24 గంటల్లో, 24 పేజీల కామిక్ పూర్తి చేయాలి. బొమ్మలు ఎలా వచ్చాయన్నది పక్కన పెట్టండి. "ఇది సరిగా లేదు" అంటూ చెరిపేసే అలవాటు ఆ ఒక్కరోజులో చాలావరకు వదిలిపోతుంది.

నాలుగో అడుగు: స్క్రిప్ట్

మీరే రాసి మీరే గీస్తున్నా స్క్రిప్ట్ కాగితం మీద పెట్టండి. ఇలా ఉంటే చాలు:

పేజీ 2, ప్యానెల్ 1. రాత్రి. ఖాళీ ప్లాట్‌ఫారం, దూరంగా బెంచీ మీద ముసలాయన ఒక్కడే. మాటలు లేవు.
ప్యానెల్ 2. ముసలాయన చేతులు దగ్గరగా. వేళ్ల మధ్య నలిగిన టికెట్.
ప్యానెల్ 3. అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంటుంది. అమ్మాయి: "ఆఖరి బండి వెళ్లిపోయింది తాతగారూ."
ప్యానెల్ 4. ముసలాయన ముఖం. చిన్న నవ్వు. "తెలుసమ్మా."

ఒక ప్యానెల్‌లో ఒక మనిషి చేసేది ఒక్క పనే. "తలుపు తీసి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు" అని రాస్తే అది మూడు ప్యానెళ్లు, లేదా వాటిలో మీరు ఎంచుకున్న ఒకటి. స్క్రిప్ట్‌లో "అతనికి పాత రోజులు గుర్తొచ్చాయి" లాంటి వాక్యం కనబడితే అక్కడ ఆగండి. దాన్ని దేనితో చూపిస్తారు? ఆ టికెట్ మీద ముద్రించిన తేదీతోనా, టికెట్‌ను అతను పట్టుకున్న తీరుతోనా? జవాబు దొరికే దాకా ముందుకు వెళ్లొద్దు.

ఐదో అడుగు: థంబ్‌నెయిల్స్

థంబ్‌నెయిల్ అంటే పేజీ మొత్తాన్ని చిన్న గడిలో గబగబా గీసుకున్న చిత్తు బొమ్మ. మీ సమయంలో ఎక్కువ భాగం ఇక్కడ పెట్టమని బతిమాలుకుంటున్నాను. చక్కటి పెన్సిల్, చక్కటి ఇంకు కూడా చెడ్డ థంబ్‌నెయిల్‌ను కాపాడలేవు. థంబ్‌నెయిల్ బాగుంటే గీత కాస్త తడబడినా కథ నిలబడుతుంది.

ఒక ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది గడులు వస్తాయి. ఒక్కో గడి ఒక్కో పేజీ, మొత్తం కథ ఒకే చూపులో మీ ఎదురుగా ఉంటుంది. పుల్లల మనుషులే వేయండి. చెరిపేయడానికి మనసొప్పనంత బాగా గీయకండి.

ముందుగా పేజీ విభజన. కొత్తలో వంకర ప్యానెళ్లు, పగిలిన అద్దం లాంటి ప్యానెళ్లు, చట్రం దాటుకుని బయటికి దూకే బొమ్మలు గీయాలని మనసు లాగుతుంది. నా మాట విని మొదటి మూడు నాలుగు కథలకు రెండు నిలువు వరసలు, మూడు అడ్డ వరసల ఆరు గడుల పేజీ వాడండి. అవసరమైన చోట రెండు గడులు కలిపి ఒకటి చేయండి. అన్నీ ఒకే సైజులో నడుస్తున్నప్పుడు హఠాత్తుగా ఒకటి పెద్దదైతే చదివేవాళ్ల గుండె ఒక్క క్షణం ఆగుతుంది. అన్నీ వంకరగా ఉన్న పేజీలో ఆ దెబ్బ తగలదు.

తర్వాత కాలం. అడ్డంగా సాగిన పొడవాటి ప్యానెల్ మెల్లగా చదువుతాం. సన్నటి నిలువు ప్యానెళ్లు మూడు పక్కపక్కన పెడితే పరుగు వస్తుంది. మాటల్లేని ప్యానెల్ నిశ్శబ్దం. ఒకే బొమ్మను రెండుసార్లు పెట్టి, రెండోదాంట్లో కళ్లు మాత్రం మారిస్తే అది ఆలోచన. వీటిని చదివి తెలుసుకోవడం వేరు, పెట్టి చూసుకోవడం వేరు. ఒకే సంఘటనను మూడు రకాలుగా థంబ్‌నెయిల్ చేయండి. మొదటిది ఎవరికైనా తట్టేదే అయి ఉంటుంది. నాకు దాదాపు ప్రతిసారీ మూడోదే పనికొచ్చింది.

పేజీ తిప్పడం మన చేతిలో ఉన్న గొప్ప సాధనం. ఎడమ నుంచి కుడికి చదివే పుస్తకంలో బేసి సంఖ్య పేజీలు కుడివైపు వస్తాయి. కుడి పేజీ ఆఖరి ప్యానెల్‌లో ఒక ప్రశ్న వదలండి: ఎవరో తలుపు కొట్టారు, ఎవరో పైకి చూసి నోరు తెరిచారు. జవాబు తర్వాతి పేజీ మొదటి ప్యానెల్‌లో పెట్టండి, పేజీ తిప్పితే తప్ప అది కనబడదు. అదే జవాబును కుడి పేజీ మధ్యలో పెట్టారనుకోండి, ఎడమ పేజీ చదువుతుండగానే కంటి చివర పడిపోతుంది.

ఇక తరచూ జరిగే పొరపాట్లు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక ఊహా రేఖ ఉందనుకుని కెమెరాను, అంటే మనం వాళ్లను చూసే చోటును, ఎప్పుడూ ఆ రేఖకు ఒకే పక్కన ఉంచండి. దాటితే ఎడమన ఉన్న మనిషి కుడికి మారిపోతాడు, ఎవరు ఎవరో తెలియక చదివేవాళ్లు వెనక్కి వెళ్తారు. మొదట మాట్లాడే మనిషిని ఎడమవైపు నిలబెట్టండి. కుడివైపు పెడితే బెలూన్ల తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ప్రతి కొత్త చోటుకు వెళ్లినప్పుడు ఒక ప్యానెల్‌లో ఆ చోటు మొత్తం చూపించండి. ఆ తర్వాత కొన్ని ప్యానెళ్లలో వెనక ఏమీ లేకపోయినా ఫర్వాలేదు. రెండు వేర్వేరు వస్తువుల గీతలు సరిగ్గా ఒకే చోట తాకేలా గీయకండి. చెట్టుకొమ్మ చివర సరిగ్గా తల అంచున ఆగితే మనిషికి కొమ్ము మొలిచినట్టుంటుంది. ఒకటి ఇంకోదాని వెనక్కి పూర్తిగా వెళ్లాలి, లేదా దూరం జరగాలి.

బెలూన్లను కూడా ఇప్పుడే పెట్టేయండి. తర్వాత చూసుకుందాం అనుకుంటే, ఎంతో కష్టపడి గీసిన ముఖం మీదే బెలూన్ వచ్చి కూర్చుంటుంది.

అయిపోయాక మాటలు లేకుండా థంబ్‌నెయిల్స్‌ను కథ తెలియని మనిషికి చూపించి, ఏం జరుగుతోందో చెప్పమనండి. మీరు వివరించకండి, నోరు కట్టుకోండి. వాళ్లు తడబడిన చోట మళ్లీ గీయండి.

ఆరో అడుగు: పాత్రల షీట్

ప్రతి ముఖ్య పాత్రనూ ఎదురుగా, ముప్పావు కోణంలో, పక్క నుంచి, వెనక నుంచి ఒకే కాగితం మీద గీసి ఎదురుగా అతికించుకోండి. పాత్రలన్నీ పక్కపక్కన నిలబెట్టి ఎవరి ఎత్తు ఎంతో గీత పెట్టండి. తర్వాత బొమ్మలన్నీ నల్లగా నింపేయండి. నీడ చూసి ఎవరు ఎవరో తెలిస్తే మంచి పాత్రలు. లేకపోతే జుట్టో భుజాలో నిలబడే తీరో మార్చండి. చొక్కా మీద పూల డిజైన్ పెట్టాలనిపిస్తే, దాన్ని నలభైసార్లు గీయాలని కూడా గుర్తుచేసుకోండి.

ఏడో అడుగు: పెన్సిల్, ఇంకు

అచ్చయ్యే సైజు కన్నా పెద్దగా గీసి తగ్గించడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచిది. అమెరికన్ కామిక్స్‌లో 11×17 అంగుళాల బోర్డు మీద సుమారు 10×15 అంగుళాల మేర గీస్తారు. అది దాదాపు మూడింట రెండు వంతులకు తగ్గి అచ్చవుతుంది. మీరు ఏ3 కాగితం మీద గీసి ఏ4కు తగ్గించవచ్చు, అప్పుడు బొమ్మ 71 శాతానికి తగ్గుతుంది. గీతలో చిన్న వణుకులు సర్దుకుపోతాయి. మరీ సన్నటి గీతలు మాత్రం మాయమవుతాయి, కాబట్టి మొదటి పేజీ ఇంకు చేయగానే ఒకసారి తగ్గించి ప్రింట్ తీసి చూడండి. బొమ్మ కాగితం అంచుదాకా వెళ్లాలంటే, అచ్చయ్యాక కాగితాన్ని కోసే గీత దాటి ఇంకో 3 మిల్లీమీటర్లు గీయండి. ముఖాలు, మాటలు అంచుకు దూరంగా లోపలే ఉండాలి.

పెన్సిల్ దశలో లేత నీలం పెన్సిల్ వాడిచూడండి. పూర్వం అచ్చు కోసం ఫొటో తీసే ఫిల్మ్‌కు లేత నీలం అందేది కాదు, అందుకే ఆర్టిస్టులు ఆ రంగు పట్టుకున్నారు. ఇప్పుడు స్కాన్ చేశాక కంప్యూటర్‌లో ఆ నీలం ఒక్కటే తీసేయవచ్చు. రబ్బరుతో రుద్ది ఇంకును పాలిపోయేలా చేసుకోనక్కర్లేదు.

ఇంకుకు ముంచి రాసే నిబ్, బ్రష్, మార్కర్ పెన్ను, ఏదైనా సరే. నిబ్‌లలో జీ పెన్ అనేదాన్ని మాంగా గీసేవాళ్లు ఎక్కువగా వాడతారు. నొక్కితే గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. బ్రష్ లొంగడానికి నెలలు పడుతుంది, లొంగాక ఇచ్చే గీత మరెందులోనూ రాదు. ఇండియా ఇంకు ఎండితే బ్రష్ పాడైపోతుంది, పని మధ్యలో కూడా కడుగుతూ ఉండండి.

ఇంకు అంటే పెన్సిల్ గీత మీద మళ్లీ గీయడం అనుకుంటే బొమ్మ చచ్చిపోతుంది. దగ్గరివాటికి లావు గీత, దూరంవాటికి సన్న గీత. వెలుగు పడే పక్క గీత సన్నబడాలి, తెగిపోయినా పర్లేదు. నీడ పక్క బరువెక్కాలి. నలుపు ఎక్కడ నింపాలో పేజీ మొత్తం చూసి నిర్ణయించుకోండి, ఎందుకంటే చూపును ప్యానెల్ నుంచి ప్యానెల్‌కు నడిపించేది ఆ నల్లటి మచ్చలే. నలుపంటే భయం చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది. ఒక పేజీ నకలు తీసి, ఆ నకలు మీద నలుపు ధారాళంగా నింపి చూసుకుంటే ఆ భయం పోతుంది.

నలుపు తెలుపు గీతను 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కలు), రంగుల పేజీని 300 డీపీఐలో స్కాన్ చేయండి.

ఎనిమిదో అడుగు: తెలుగు అక్షరానికి చోటివ్వండి

లెటరింగ్ మీద, అంటే కామిక్‌లో అక్షరాలు పెట్టే పని మీద, దొరికే పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల కోసం రాసినవి. అక్కడ బెలూన్లలో మాటలు చాలావరకు క్యాపిటల్స్‌లో ఉంటాయి. అన్నీ ఒకే ఎత్తు, పైకీ కిందకీ ఏమీ పొడుచుకురావు, వరసలు దగ్గరగా పేర్చినా చదవొచ్చు. మన అక్షరానికి పైన గుడులు, ఏత్వాలు ఉంటాయి, కింద వత్తులు ఉంటాయి. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటలు రాసి చూడండి, ఒక్క వరసకు ఎంత చోటు కావాలో తెలుస్తుంది. వరసల మధ్య దూరం చాలకపోతే పై వరస వత్తు కింది వరస గుడి మీద ఎక్కుతుంది.

అందుకని ముందు మాటలు అచ్చు సైజులో రాసుకుని, వాటి చుట్టూ బెలూన్ గీయండి. ఖాళీ బెలూన్ గీసి అందులో మాటల్ని కుక్కకండి. మన మాటలు పొడుగైనవి కూడా. "వెళ్లిపోతున్నావేమిటి" అనేది ఒక్క మాటే, సన్నటి బెలూన్‌లో పట్టదు. దాన్ని మధ్యలో విరగ్గొట్టడం కన్నా "వెళ్తున్నావా?" అని మార్చుకోవడం మేలు. నా వరకు ఒక బెలూన్‌కు పది పన్నెండు మాటలు దాటితే రెండుగా విడగొడతాను. మాటలు పైకి చదివి చూసుకోండి. నోటితో అనలేని వాక్యం పాత్రకు పెట్టొద్దు.

కంప్యూటర్‌లో అక్షరాలు పెట్టేటప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు వత్తుల్ని విడదీసి పక్కన పడేస్తాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే ఇది సర్దుకుంటుంది. మీరు వాడేది ఏదైనా, కథ మొదలుపెట్టక ముందే "క్ష్మి", "స్త్రీ", "ర్త్య" టైప్ చేసి చూసుకోండి. చేత్తో రాయగలిగితే ఇంకా ఆనందం. మీ గీతా మీ అక్షరమూ ఒకే చేతి నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి.

చప్పుళ్ల విషయంలో మాత్రం తెలుగు మనకు గని లాంటిది. ధడేల్, ఠప్, చిటపట, గలగల, జివ్వున, తళుక్కున, కిర్రు, బుడుంగ్. కొన్ని చప్పుళ్లు, కొన్ని కదలికలు, కొన్ని మెరుపులు. వీటిని ఫాంటులో టైప్ చేసి వదిలేయకండి, బొమ్మలో భాగంగా చేత్తో గీయండి. "కిర్రు"లో క్రావడి తలుపు తెరుచుకునే వైపు సాగనివ్వండి. "ధడేల్" అక్షరాలు కింద పడి పగుళ్లివ్వనివ్వండి.

రంగు, స్క్రీన్, ఫోను

రంగు గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మొదటి నాలుగైదు కథలు నలుపు తెలుపులోనే చేయాలని నా గట్టి నమ్మకం. రంగు వేయాల్సి వస్తే ముందు బూడిద రంగుల్లో వెలుగునీడలు సరిచూసుకోండి. ఒక్కో సన్నివేశానికి మూడు నాలుగు రంగులకు మించొద్దు. అచ్చు కోసమైతే సీఎమ్‌వైకే (అచ్చులో వాడే నాలుగు ఇంకుల) పద్ధతిలో చూసుకోండి, తెరమీద మెరిసే నీలాలు, ఆకుపచ్చలు కాగితం మీద మందగిస్తాయి.

డిజిటల్‌గా గీయాలంటే క్రిటా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. క్లిప్ స్టూడియో పెయింట్‌లో ప్యానెళ్లు, బెలూన్లు, పెర్‌స్పెక్టివ్ గీతలు ముందే అమర్చి ఉంటాయి. ఐప్యాడ్ ఉంటే ప్రోక్రియేట్ హాయిగా ఉంటుంది. ఏదో ఒకటి పట్టుకుని ఒక కథ పూర్తయ్యేదాకా మారకండి.

ఫోనులో పైనుంచి కిందకు జరుపుతూ చదివే వెబ్‌టూన్ పద్ధతికి లెక్కే వేరు. అక్కడ పేజీ తిప్పడం లేదు. వెడల్పు సాధారణంగా 800 పిక్సెళ్లు, పొడవుకు హద్దు లేదు. ప్యానెళ్ల మధ్య ఖాళీయే అక్కడ కాలం: చిన్న ఖాళీ అయితే వెంటనే, పెద్ద ఖాళీ అయితే చాలాసేపటి తర్వాత. కింద ఏముందో తెర మీదకు వచ్చేదాకా తెలియదు కాబట్టి ఎక్కడినుంచో పడిపోవడం, లోతుకు దిగడం, ఎదురుచూడటం ఇందులో అద్భుతంగా పండుతాయి. అచ్చు పేజీని ముక్కలు చేసి ఇందులో పెడితే రెండింటికీ చెడుతుంది. ఏ పద్ధతో థంబ్‌నెయిల్స్ వేయక ముందే తేల్చుకోండి.

తొమ్మిదో అడుగు: పేజీలు లెక్కపెట్టండి, ఒంటిని చూసుకోండి

నెలనెలా వచ్చే అమెరికన్ కామిక్‌లో కథ ఇరవై, ఇరవై రెండు పేజీలుంటుంది. దాన్ని రాసేవాళ్లు, పెన్సిల్ వేసేవాళ్లు, ఇంకు వేసేవాళ్లు, రంగులద్దేవాళ్లు, అక్షరాలు పెట్టేవాళ్లు పంచుకుంటారు. అయినా పెన్సిల్ ఆర్టిస్ట్ రోజుకో పేజీ ఇవ్వాల్సిందే. మీరు అన్నీ ఒక్కరే చేస్తూ, చదువో ఉద్యోగమో చూసుకుంటూ వారానికి ఒక పేజీ పూర్తి చేస్తే అది మంచి వేగం. ఏడాదికి యాభై పేజీలు. జపాన్ మాంగా ఆర్టిస్ట్ ఒసాము తెజుకా మెడిసిన్ చదువుతూనే మాంగా గీశాడు, డాక్టర్‌గా లైసెన్స్ కూడా తెచ్చుకున్నాడు. ఆయనలా గీయమని కాదు, పూర్తి సమయం దొరికే దాకా ఆగనక్కర్లేదని చెప్పడానికి రాశాను.

గీసేటప్పుడు మణికట్టు ఒక్కదాన్నే ఆడించకండి, పొడవు గీతలకు మోచేయి, భుజం కదలాలి. అరగంటకోసారి లేవండి. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే, రాత్రిళ్లు చెయ్యి గుంజుతుంటే పని ఆపి డాక్టర్‌కు చూపించండి. డెడ్‌లైన్ టెన్షన్‌లో దీన్ని తోసేసి, నెలల తరబడి పెన్సిల్ పట్టుకోలేకపోయినవాళ్లు ఉన్నారు.

పాత పేజీలు చింపేయకండి, తేదీ వేసి దాచండి. టిన్‌టిన్ సృష్టికర్త ఎర్జే 1938లో పుస్తకంగా వచ్చిన ఒక సాహసాన్ని 1943లో రంగుల్లోకి మార్చాడు, తన స్టూడియోతో కలిసి మొత్తం మళ్లీ గీయించి 1966లో ఇంకోసారి తెచ్చాడు. మీరు కూడా ఏడాదికోసారి పాత పేజీ ఒకటి తీసి మళ్లీ గీసి చూడండి. ఎక్కడ ఎదిగారో, ఎక్కడ అలాగే ఉన్నారో రెండూ తెలుస్తాయి.

పదో అడుగు: పని అడగడం, హక్కులు కాపాడుకోవడం

ఎనిమిది పేజీల కథ పూర్తవగానే కాపీలు తీసి, మడిచి, పిన్ను కొట్టి పదిమంది చేతుల్లో పెట్టండి. వాళ్లు చదువుతుండగా పక్కనే కూర్చుని చేతివేళ్లు చూడండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి తిప్పారు, ఎక్కడ చదవకుండానే దాటేశారు? "బాగుంది" అన్న మాట కన్నా ఆ వేళ్లు ఎక్కువ చెబుతాయి.

ప్రచురణకర్తలకు చూపించే పోర్ట్‌ఫోలియోలో ఎనిమిది నుంచి పది పేజీలు చాలు. అవి కథ పేజీలై ఉండాలి. వీరుడు కొండమీద నిలబడ్డ ఒంటరి బొమ్మలు ఎన్ని పెట్టినా మీరు కథ నడపగలరో లేదో వాళ్లకు తెలియదు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే పేజీ ఒకటి, పరుగో పోరాటమో ఉన్న పేజీ ఒకటి, జనం, బండ్లు, భవనాలు ఉన్న పేజీ ఒకటి తప్పకుండా పెట్టండి. మొదటి పేజీ, ఆఖరి పేజీ మీ దగ్గరున్న వాటిలో ఉత్తమమైనవి అయి ఉండాలి. అనుమానంగా ఉన్న పేజీ తీసేయండి.

మీకిష్టమైన పాత్రల్ని సాధన కోసం ఎంతైనా గీసుకోండి. వాటిని అమ్మడం మాత్రం వేరే సంగతి, ఆ హక్కులు ఇంకొకరివి.

మీ సొంత పాత్రల విషయంలో అయితే సంతకం పెట్టే ముందు ప్రతి లైనూ చదవండి. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగల్, జో షుస్టర్ 1938లో పేజీకి పది డాలర్ల చొప్పున 13 పేజీలకు 130 డాలర్లు తీసుకుని, ఆ పాత్ర మీద హక్కులన్నీ రాసిచ్చేశారు. దశాబ్దాల కోర్టు గొడవల తర్వాత, 1975లో గానీ వాళ్లకు ఏటా పింఛనూ, పుస్తకాల మీద సృష్టికర్తలుగా పేరూ దక్కలేదు. కాబట్టి కాంట్రాక్ట్‌లో వీటికి జవాబులు వెతకండి. పాత్రల మీద హక్కు ఎవరిది? ఒక్క పుస్తకానికే ఇస్తున్నారా, సినిమాలు, ఆటబొమ్మలు, అనువాదాలు అన్నిటికీనా? ఎన్నేళ్లకు? పేజీకి ఇంత అని ఒకేసారి ఇస్తారా, అమ్మకాల్లో వాటా కూడా ఉందా? పుస్తకం మళ్లీ అచ్చువేయకపోతే హక్కులు మీకు తిరిగొస్తాయా? ఒరిజినల్ పేజీలు ఎవరి దగ్గర ఉంటాయి? మార్పులు ఎన్నిసార్లు చేసిపెట్టాలి? అర్థం కాని మాట ఉంటే లాయర్‌ను అడగండి. తొందరపెడితే రెండు రోజులు గడువు అడగండి. నోటిమాటగా ఒప్పుకున్నవన్నీ మెయిల్‌లో రాసి పంపి, "అవును" అని జవాబు తెప్పించుకోండి. సంతకం చేసిన కాగితం కాపీ, పేజీల హై రిజల్యూషన్ స్కాన్లు రెండు వేర్వేరు చోట్ల దాచుకోండి.